సంగిడి రాయి వాంగ్మూలం

నేను సంగిడి రాయిని. ఎచ్చెర్ల మండలంలో, చిలకపాలెం కూడలికి ఎంతో దూరం లేని ఒక పల్లెలో, రామకోవెల పక్కన పడి ఉంటాను. కొండరాతి ముక్కను గుండ్రంగా చెక్కి, నడుమ చేతికి పట్టు దొరికేలా తొలిచారు. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పాల్సింది లేదు. ఉలి దెబ్బలు తిన్న రాళ్ళు ఈ జిల్లాలో కోకొల్లలు. చెప్పాల్సిందల్లా నా నెత్తిన రుద్దిన ఒక ఘనత గురించి. పెద్దపండగ పోటీలప్పుడు మైకు చేతికొచ్చినవాళ్ళు నావైపు చెయ్యి చూపించి, ఇలాంటి సంగిళ్ళు ఎత్తిన గడ్డ కాబట్టే ఇక్కడ కరణం మల్లీశ్వరి పుట్టిందంటారు. చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లలో నాకు వాటా వద్దు. సిడ్నీ ఒలింపిక్స్ బరువుల పోటీలో ఆమె కొట్టిన పతకంలో నా చెయ్యి లేదు, నా వల్ల ఆమెకు ఒరిగిందీ లేదు. రాయికి ఇన్ని సంగతులు ఎలా తెలిశాయని అడక్కండి. రాయికి చెవులు లేకపోవచ్చు గానీ, రాయి మీద కూర్చున్నవాళ్ళకు నోళ్ళుంటాయి. రేడియో కాలం నుంచి సెల్‌ఫోన్ కాలం దాకా ఈ ఊరు మాట్లాడుకున్నదంతా నా మీద కూర్చునే మాట్లాడుకుంది.

నా పాత వైభవం గురించి తక్కువ చేసి చెప్పను. కళ్ళాలు ఖాళీ అయ్యాక, చోడి అంబలి తాగి పెరిగిన కుర్రాళ్ళు నడుముకి తువ్వాలు బిగించి నా ముందు నిలబడేవారు. ఒక పక్క ఉలవల బస్తా, ఒక పక్క నేను. నన్ను మోకాలి దాకా తెచ్చి వదిలేసినవాడికి ఏడాదంతా వెక్కిరింపులు, భుజం దాటించినవాడికి పెళ్ళి సంబంధాలు. ఈ ప్రాంతపు తాలింఖానాల్లో మట్టి వాసన, చెమట వాసన ఒక తరం పాటు కలిసే ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగును నిలబెట్టుకుని, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగి, 1942లో కన్నుమూసేనాటికే ఒక పురాణమైపోయాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ పేరు చెప్పుకుని మా రాళ్ళ జాతి కూడా కొంత బతికింది. ఇదంతా నిజమే. కానీ ఈ వైభవమంతటిలో ఒక్క ఆడగుంట చెయ్యి కూడా నా మీద పడలేదు. పడనివ్వలేదు. ఆడవాళ్ళు దూరంగా అరుగుల మీద నిలబడి చూడొచ్చు, నవ్వొచ్చు, గెలిచినవాడికి దిష్టి తీయొచ్చు. అంతే. నన్ను ముట్టుకోవచ్చన్న ఊహ ఊళ్ళో ఎవరికీ రాలేదు గనక, వద్దని చెప్పాల్సిన పని కూడా పడలేదు. సగం ఊరిని గిరి బయట నిలబెట్టిన సంప్రదాయం ఆ సగంలోంచి వచ్చిన విజేతను తన బిడ్డని చెప్పుకోవడం చూస్తే రాయినైన నాకే మొహమాటంగా ఉంటుంది.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది. ఆడవాళ్ళు నిన్ను ఎత్తకపోతేనేం, వాళ్ళు మోయని బరువుందా అంటారు. వరి మోపులు, గోగునార కట్టలు, నూతి నుంచి నీళ్ళ బిందెలు, చంకలో పిల్లాడు, నెత్తి మీద గంప. ఉత్తరాంధ్ర ఆడదాని మెడ నరాల్లో ఉన్న బలమే మల్లీశ్వరిలో బయటపడిందని వాదన. వినడానికి ఇంపుగా ఉంటుంది, మోసేవాళ్ళ మీద గౌరవం ఉన్నట్టు కూడా కనిపిస్తుంది. అయితే ఆ మోపు ఎన్ని కిలోలో ఎవరైనా తూచారా? నిన్నటికన్నా ఇవాళ రెండున్నర కిలోలు ఎక్కువ మోసిందని గోడ మీద గీత గీశారా? మోసినందుకు కూలి ఇచ్చారు, అదీ మగవాడి కూలికన్నా తక్కువ. మోత మనిషిని అరగదీస్తుంది. శిక్షణలో ఎత్తే బరువుకు కొలత ఉంటుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, పక్కన తిండి ఉంటుంది, చూసి దిద్దే కన్ను ఉంటుంది. చాకిరీలోంచే ఛాంపియన్లు పుట్టేటట్టయితే ఎచ్చెర్ల నుంచి రణస్థలం దాకా ప్రతి పొలం గట్టు మీదా పతకాలు వేలాడుతుండాలి.

మరి మల్లీశ్వరి ఎలా వచ్చింది? నాకు తెలిసినంతలో ముందుగా చెప్పుకోవాల్సింది ఒక తలుపు గురించి. మగవాళ్ళ బరువులెత్తే పోటీ 1896లో, అంటే ఆధునిక ఒలింపిక్స్ మొదలైన ఏడాదే ఉంది. ఆడవాళ్ళకు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరగడానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది, ఒలింపిక్ వేదిక ఎక్కడానికి 2000 దాకా. ఒక్క బరువుల ఆటే కాదు, వేగనడక సంగతీ అంతే. మగవాళ్ళు 20వ శతాబ్దం మొదటి నుంచీ నడుస్తూనే ఉన్నారు. ఆడవాళ్ళ పది కిలోమీటర్ల నడక ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1992 బార్సిలోనాలో. ఆ తొలి పోటీలోనే చైనాకు చెందిన చెన్ యూలింగ్ స్వర్ణం కొట్టింది. చైనాకు అథ్లెటిక్స్‌లో అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. దూరాన్ని ఇరవై కిలోమీటర్లకు పెంచిన 2000 సిడ్నీలో మళ్ళీ చైనా అమ్మాయే, వాంగ్ లీపింగ్. అదే సిడ్నీలో ఆడవాళ్ళ బరువుల పోటీలు ఏడు తరగతుల్లో జరిగితే, ఒక్కో దేశం నలుగురికి మించి పంపకూడదన్న నియమం ఉన్నా, చైనా పంపిన నలుగురూ నాలుగు స్వర్ణాలు పట్టుకెళ్ళారు. చైనా ఆడవాళ్ళ ఎముకల్లో వేరే సున్నం ఉందని ఎవరైనా అంటే నవ్వుతాం. తలుపు తెరుచుకునేసరికి గడప దగ్గర సిద్ధంగా నిలబెట్టడానికి వాళ్ళకు క్రీడా పాఠశాలలు ఉన్నాయి, లెక్క ఉంది, పట్టుదల ఉంది. మన దగ్గర అంత లెక్క లేదు. కానీ అదే 1987 ప్రాంతంలో, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అనే చిన్న ఊళ్ళో, పన్నెండేళ్ళ పిల్ల ఒకతె గడప దగ్గరే ఉంది. 1975 జూన్ 1న పుట్టిన మల్లీశ్వరి.

ఆ గడప దగ్గరికి ఆమెను చేర్చినవాళ్ళను వరసగా చెప్పుకుంటే ఎక్కడా నా పేరు రాదు. నాన్న మనోహర్ రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్, ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆటంటే ఇంట్లో చెడ్డమాట కాదు. అమ్మ శ్యామల మరీ గట్టిది. బక్కపిల్ల, నీకెందుకే ఇది అన్నవాళ్ళ మాట పక్కన పెట్టి, నువ్వు చెయ్యగలవే అని కూతుర్ని నిలబెట్టింది. అక్క అప్పటికే ఇనుము పట్టింది. నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఆ ఊళ్ళో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్నాడు. శ్రీకాకుళం జిల్లాలో, ఆ రోజుల్లో, ఆడపిల్లలకు! నన్నడిగితే ఈ కథలో ఆశ్చర్యపోవాల్సింది సిడ్నీ గురించి కాదు, ఈ చిన్న వ్యాయామశాల గురించి. నాగావళికి ఇవతల మేమంతా మగతనానికి కొలబద్దలుగా రచ్చబండల దగ్గర కూర్చుని ఉండగా, అవతల ఒక మనిషి ఇనపకడ్డీని ఆడపిల్లల చేతికిచ్చాడు.

ఇనపకడ్డీ అంటే నాకు అసూయే, దాచను. కానీ నాకూ దానికీ తేడా ఏమిటో చెప్పకపోతే నా వాదన సగంలో ఆగిపోతుంది. నాది ఒకటే బరువు. పుట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే, అంచులు అరిగినంత మేర తగ్గి ఉంటాను. కాబట్టి నాకు చేతనైనది ఒక్కటే: అప్పటికే బలమున్నవాడెవడో చూపించడం. బలం లేనివాణ్ణి బలవంతుణ్ణి చేసే విద్య నాకు రాదు. పన్నెండేళ్ళ బక్కపిల్ల నా దగ్గరికి వస్తే, నేను కదలను, ఆమె వెళ్ళిపోతుంది, కథ ముగుస్తుంది. కడ్డీ అలా కాదు. ఈనాటి పోటీల్లో ఆడవాళ్ళ కడ్డీ పదిహేను కిలోలు, మందం ఇరవై అయిదు మిల్లీమీటర్లు. చిన్న పిడికిలి కూడా దాన్ని చుట్టి పట్టగలదు. బొటనవేలు లోపల పెట్టి, దాని మీద మిగతా వేళ్ళు బిగిస్తే, గరుకుగా గాట్లు పెట్టిన ఇనుము చర్మంలోకి దిగి జారనివ్వదు. ఆ వేలు మొదట్లో కమిలిపోతుంది, తర్వాత కాయ కాస్తుంది. చివర్లకు బిళ్ళలు ఎక్కించుకుంటూ పోవచ్చు. ఆకుపచ్చ పది, పసుపు పదిహేను, నీలం ఇరవై, ఎరుపు ఇరవై అయిదు. మధ్య తేడాలు సర్దడానికి ఇంకా చిన్నవి. నిన్న ఎత్తినదానికి ఇవాళ పిసరంత కలుపుకోవచ్చు, ఒళ్ళు బాగాలేకపోతే తీసెయ్యొచ్చు. పైగా స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే ఆ రెండు ఎత్తుల్లో కండబలం ఒక్కటే చాలదు. కడ్డీ ఒంటికి దగ్గరగా పైకి వస్తుండగానే మనిషి దాని కిందికి దూరి కూర్చోవాలి. పిల్లవయసులో, చూసి దిద్దే గురువు దగ్గర, వేలసార్లు చేస్తేనే అబ్బే నేర్పు అది. నేను పరీక్ష పెట్టేదాన్ని, కడ్డీ చదువు చెప్పేది. గడ్డ గొప్పతనం అనే మాట ఈ తేడానే మింగేస్తుంది, నా కోపమంతా అందుకే.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. బరువెత్తడం పరువైన పని అనే అలవాటు ఈ ప్రాంతంలో లేకపోతే అప్పన్నలాంటి గురువు ఎక్కడి నుంచి వచ్చేవాడు, వ్యాయామశాల ఎవరు పెట్టేవాళ్ళు అని. ఒప్పుకుంటాను. రామ్మూర్తి నాయుడి పేరు తలుచుకునే ఊళ్ళలో కండను చూసి ఎవరూ ముఖం చిట్లించరు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె కూడా బరువులెత్తేవాళ్ళ ఊరుగానే పేరు పడింది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో రజతం తెచ్చింది. అందుచేత మా అలవాటు నేలను మెత్తబరిచింది అంటే తల ఊపుతాను. విత్తనం కూడా మాదే అంటేనే ఒప్పుకోను. సంగిళ్ళు కొండవెలగాడ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నాయి, ఎచ్చెర్లలోనూ ఉన్నాయి, నేనే ఉన్నాను. మరి పతకాలు అన్నిచోట్లా ఎందుకు రాలేదు? ఎక్కడ గురువు ఉన్నాడో, ఎక్కడ ఇనుము ఉందో, ఎక్కడ ఆడపిల్లకు తలుపు తీశారో అక్కడే వచ్చాయి.

అటు చివర్నుంచి వచ్చే వాదన ఇంకోటుంది. ఊరు చేసిందేమీ లేదు, బెంగళూరు, ఢిల్లీ, విదేశీ కోచ్‌లే ఆమెను తయారుచేశారు అని. 1990లో అక్కతో పాటు జాతీయ శిబిరానికి వెళ్ళి పక్కన నిలబడి చూస్తున్న ఆమె మీద లియొనిద్ తరానెంకో కన్ను పడిందన్నది నిజం. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, 1988లో 266 కిలోలు జెర్క్ చేసిన మహా బలశాలి ఆయన. ఆయన సిఫారసుతో ఆమె బెంగళూరు చేరింది. అయితే అదే ఏడాది తన తొలి జాతీయ జూనియర్ పోటీల్లోనే ఆమె తొమ్మిది జాతీయ రికార్డులు తిరగరాసింది. పదిహేనేళ్ళ పిల్ల ఒక్క శిబిరంలో ఆ పని చెయ్యలేదు. మూడేళ్ళ ఊసవానిపేట ఆమె వీపులో, తొడల్లో అప్పటికే ఉంది. తరానెంకోకు కనిపించింది ఆ మూడేళ్ళే. పెద్ద సంస్థలు దొరికినదాన్ని సానబెట్టగలవు. దొరకడానికి ముందు ఎవరో ఒకరు తవ్వి ఉండాలి, అందుకు అప్పన్నలాంటివాళ్ళు జిల్లాకు ఒక్కరు కూడా లేరు.

ఆ తర్వాత లోకానికి తెలిసిందే. 1993 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994 ఇస్తాంబుల్‌లోనూ 1995 గ్వాంగ్‌జౌలోనూ స్వర్ణం, 1996 వార్సాలో మళ్ళీ కాంస్యం, ఇదంతా 54 కిలోల తరగతిలో. 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతాలు. అర్జున, ఖేల్‌రత్న, పద్మశ్రీ అన్నీ సిడ్నీకి ముందే వచ్చాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే జనం ఆమెను ఒక్క రోజు మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. 1998లో తరగతుల హద్దులు మారాయి, ఆమె ఒళ్ళూ మారింది. 69 కిలోల తరగతిలో సిడ్నీకి పంపుతుంటే, ఇక ఆమె పనైపోయింది, ఇంత బరువు పెరిగిన మనిషిని ఎందుకు పంపడం అని విమర్శించినవాళ్ళున్నారు. 2000 సెప్టెంబర్ 19న ఆమె స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర సమమైతే, ఒంటి బరువు తక్కువ ఉన్న లిన్‌కు స్వర్ణం దక్కింది. ఆ ఫలితం తేలకముందు మన పిల్లకు మిగిలింది ఒక్క ఎత్తు. 137.5 అడిగింది. లేవలేదు. కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ, ఆ సిడ్నీలో దేశం మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క పతకం.

ఆ 137.5 మీద రచ్చబండ పంచాయితీ ఇంకా తెగలేదు. 132.5 అడిగి ఉంటే ముగ్గురూ 242.5 దగ్గర కలిసేవారు, ఒంటి బరువు తేల్చేది. 135 అడిగి ఉంటే 245తో స్వర్ణమే కదా అని తుది లెక్క ముందేసుకుని కూడికలు చేస్తారు. కూడిక తప్పు కాదు. అయితే ఆ కూడిక అంతా ముగిశాక వేసినది. వేదిక వెనక గడియారంలో సెకన్లు కరిగిపోతుంటే, ప్రత్యర్థులకు ఎన్ని ఎత్తులు మిగిలాయో చూసుకుంటూ, ఒకసారి పెరిగిన కడ్డీ బరువు మళ్ళీ తగ్గదన్న నియమం కింద వేసే లెక్క వేరు. రజతానికి ఆశపడి అడిగిన బరువు కాదది. స్వర్ణం తప్ప ఇంకేదీ వద్దని అడిగినది. ఆ ఎంపిక తెలివైనదా కాదా అని నేను తీర్పు చెప్పను గానీ, రెండున్నర కిలోల గురించి మూడేసి గంటలు వాదించుకునే ఈ మనుషులు, జిల్లాలో ఆడపిల్లలు శిక్షణ తీసుకునే చోట్లు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి లెక్కబెట్టుకోరెందుకో నాకు అర్థం కాదు.

ఇక నా సంగతి. కుర్రాళ్ళు జిమ్ములకు, కాలేజీలకు, హైదరాబాదుకు, చెన్నైకి వెళ్ళిపోయారు. ఇదే ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం వచ్చింది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ వచ్చింది, జాతీయ రహదారి వెడల్పయింది. నేను మాత్రం పక్కకు జరిగాను, జరిపారు. కొన్నాళ్ళు వీరుడి గుర్తునని పసుపు రాశారు. కొన్నాళ్ళు గేదెను కట్టే పలుపు నా పట్టులోంచి దూర్చారు, ఆ తాడు రాసుకుని ఒకప్పుడు అరచేతులు నునుపు చేసిన చోట గాటు పడింది. ఆటో వాలులో జారకుండా చక్రం కింద పెట్టారు. కోవెలకు కొత్త సిమెంటు గచ్చు పోసినప్పుడు నన్ను ఎత్తి పక్కన పెట్టే ఓపిక లేక నా చుట్టూ పోసేశారు. ఇప్పుడు సగం నేలలో ఉన్నాను. ఎన్నికలొచ్చినప్పుడు నా నెత్తి మీద సున్నంతో గుర్తులు వేస్తారు, ఓడినవాళ్ళ గుర్తు తుడిచే దిక్కుండదు. పండగపూట మాత్రం మైకు వాళ్ళకు నేను గుర్తొస్తాను. ఎత్తే పోటీకి ఇంకో రాయి అద్దెకు తెస్తారు, ఎత్తడానికి వీల్లేని నన్ను ఉపన్యాసానికి వాడుకుంటారు.

మల్లీశ్వరిని కూడా ఇంచుమించు ఇలాగే వాడుకుంటున్నారని చెప్తే కోపం వస్తుందేమో. ఆమె గచ్చులో కూరుకుపోలేదు, ఆ పోలిక చెయ్యను. 2004 ఏథెన్స్ తర్వాత పోటీల నుంచి తప్పుకున్నా, భారత ఆహార సంస్థలో పెద్ద ఉద్యోగం చేసింది, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. పిల్లలకు బరువులెత్తడం నేర్పే అకాడమీ కూడా పెట్టింది. ఎక్కడ? హర్యానాలోని యమునానగర్‌లో. అత్తింటివాళ్ళు అటువైపు వాళ్ళు కాబట్టి అని సర్దిచెప్తారు. కావచ్చు. కానీ ఆటకు నౌకరీ, తిండి, గౌరవం ముడిపెట్టి చూసే రాజ్యం ఎక్కడుంటే ఆటగాళ్ళు అక్కడికే పోతారన్నది కూడా అంతే నిజం. సిడ్నీ తర్వాత బరువుల్లో మన దేశానికి ఇంకో ఒలింపిక్ పతకం రావడానికి 2021లో జరిగిన టోక్యో దాకా పట్టింది, అది మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను చేతుల మీదుగా. ఇరవయ్యొక్క ఏళ్ళు మేము ఇక్కడ గడ్డ గొప్పతనం పాడుకుంటూనే ఉన్నాం.

అయితే సంగిడి పోటీలు మానెయ్యాలా అని చివరిగా అడుగుతారు. ఎందుకు మానాలి? పండగ పండగే. ఆడపిల్లలను కూడా గిరిలోకి రానిస్తే ఇంకా బాగుంటుంది, వాళ్ళకు తగిన చిన్న రాళ్ళు చెక్కించడానికి అయ్యే ఖర్చెంత? నా పేచీ పోటీతో కాదు, పోటీని చూపించి శిక్షణ ఉన్నట్టు నటించడంతో. ఒక రోజు పందేనికి బహుమతులు, భోజనాలు, షామియానాలు కలిపి ఒక్కో ఊళ్ళో పెట్టే సొమ్ముకు, నాలుగూళ్ళు చేతులు కలిపితే ఒక కడ్డీ, ఒక జత బిళ్ళలు, కింద పరవడానికి రబ్బరు చాప వస్తాయి. గది ఏ స్కూల్లోనైనా సాయంత్రం పూట ఖాళీగానే ఉంటుంది. కష్టమైనది గురువు దొరకడం. ఈ రెండు జిల్లాల్లో పోటీల దాకా వెళ్ళి పతకాలతో తిరిగొచ్చి, సంబంధం లేని కొలువుల్లో రోజులు నెట్టుకొస్తున్న మాజీ లిఫ్టర్ ఆడవాళ్ళను అడిగి చూశారా? పండగకు పిలిచి శాలువా కప్పుతున్నారు సరే, జీతమిచ్చి ఎవరైనా పిలిచారా?